దీవిలో స్నార్కెలింగ్‌కి మంచి చోటు మనమే వెతుక్కోవడం ఎలా?

తొలిమునక:

అందరికీ నమస్తే. సెలవుల్లో నేను, మావారు, పదకొండేళ్ల పాప, మా తమ్ముడు కలిసి ఒక వారం ఏదైనా ఉష్ణమండల దీవికి వెళ్దామనుకుంటున్నాం. ఏ దీవో ఇంకా తేలలేదు, నాలుగైదు చూస్తున్నాం, కాబట్టి ఫలానా దీవిలో ఏ బీచ్ బాగుంటుందని అడగడం లేదు. ఎక్కడికి వెళ్లినా సరే, మాస్క్, ఊపిరి గొట్టం పెట్టుకుని నీళ్ల మీద తేలుతూ అడుగున ఉన్నవి చూసే ఈ స్నార్కెలింగ్‌కి నీళ్లలోకి ఎక్కడ దిగాలో, ఎప్పుడు దిగాలో మనంతట మనం తెలుసుకునే పద్ధతి ఏమైనా ఉందా అన్నదే నా ప్రశ్న.

రెండేళ్ల కిందట ఒకసారి వెళ్లాం. పేరున్న చోటని పడవలో తీసుకెళ్లారు. మేం చేరేసరికే అక్కడ ఇంకో ఐదారు పడవలున్నాయి. నీళ్లలో ఎటు చూసినా మనుషులే, ఎవరి కాలు ఎవరికి తగులుతోందో తెలీదు, అడుగున ఇసుక లేచి నీళ్లు పాలలా తెల్లగా ఉన్నాయి, పగడాలు చాలావరకు విరిగిపోయి ఉన్నాయి. పాప ఇరవై నిమిషాల్లో పైకొచ్చేసి మళ్లీ దిగనంది. అదే సాయంత్రం మా బస ముందున్న బీచ్‌లో, చివరన రాళ్ల గుట్ట దగ్గర ఒక పెద్దాయన మాస్క్ తీసుకుంటూ బయటికొచ్చి, ఇప్పుడే రెండు తాబేళ్లను చూశానని చెప్పారు. మేం మూడు రోజులుగా ఆ రాళ్లకి వంద అడుగుల దూరంలోనే కూర్చుని ఉన్నాం! ఈసారి అలా కాకూడదని నా పట్టుదల.

నాకూ తమ్ముడికీ ఈత ఓ మోస్తరుగా వచ్చు, మావారు బాగా ఈదుతారు, పాప లైఫ్ జాకెట్ వేసుకుంటే హాయిగా తేలుతుంది. నాకు కళ్లద్దాలున్నాయి, మైనస్ మూడున్నర. మొహం మొత్తం కప్పే ఫుల్ ఫేస్ మాస్క్ కొందామా అని కూడా ఆలోచిస్తున్నాను. తెలిసినవాళ్లు చెప్పండి.

గాలిచాటు:

ఆ పెద్దాయన వెళ్లిన చోటుకే మీరూ వెళ్లాలండీ, అంటే బీచ్ చివరకి. పగడం పుట్టాలంటే పట్టుకోడానికి గట్టి నేల కావాలి, కదిలే ఇసుక మీద నిలబడలేదు. అందుకే బీచ్ మధ్యలో ఎంత ఈదినా ఇసుకే కనిపిస్తుంది. రెండు చివర్లా రాళ్లు సముద్రంలోకి చొచ్చుకెళ్లిన చోట పగడాలు, వాటి సందుల్లో చేపలు ఉంటాయి. పాత జెట్టీల స్తంభాల చుట్టూ కూడా బాగా ఉంటాయి, కాకపోతే పడవలు వచ్చిపోయే జెట్టీ అయితే దగ్గరికి పోకండి.

ఇక ఇంట్లో కూర్చునే చేయగలిగిన పని, శాటిలైట్ మ్యాప్‌లో దీవి చుట్టూ తీరిగ్గా ఒక ప్రదక్షిణ చేయడం. లేత నీలం అంటే లోతు తక్కువ ఇసుక. అందులో గోధుమ రంగు, ముదురు మచ్చలు ఉంటే పగడాలో సముద్రపు గడ్డో. దాని బయట అల విరిగే చోట సన్నటి తెల్ల గీత కనిపిస్తుంది, అది రీఫ్, అంటే పగడపు దిబ్బ అంచు. ఆ తర్వాత ఒక్కసారిగా ముదురు నీలం వచ్చేస్తే అక్కడ లోతు పడిపోయిందని. ఆ ముదురు మచ్చలు ఒడ్డుకి ఎంత దగ్గరుంటే మీకు అంత సులువు. అలాగే వాగులు, నదులు వచ్చి కలిసే చోట్లు ముందే కొట్టేయండి. మంచినీళ్లు, మట్టి కలిసే చోట పగడం బతకడం కష్టం, వానపడితే నీళ్లలో చెయ్యి చాపితే చెయ్యి కనిపించదు.

ఒక విషయంలో చాలామంది మోసపోతారు. బుకింగ్ ఫొటోల్లో కిలోమీటర్ల కొద్దీ లేత నీలం నీళ్లు చూసి మురిసిపోతాం కదా, స్నార్కెలింగ్ కోసం వెళ్లేవాళ్లు అలాంటి ఫొటో చూసినప్పుడు ఆగి ఆలోచించాలి. అదంతా ఇసుక లగూన్, అంటే ఒడ్డుకీ రీఫ్‌కీ మధ్య లోతు తక్కువున్న నీళ్లు. మాల్దీవుల్లో చాలా దీవులు ఇలాగే ఉంటాయి, రీఫ్ ఎక్కడో దూరంగా ఉంటుంది, పడవ లేకుండా చేరలేం. ఇంకొన్ని దీవుల్లో ఒడ్డు నుంచి ముప్ఫై నలభై మీటర్లు వెళ్తే చాలు, రీఫ్ అంచు వచ్చేస్తుంది. దాన్ని వాళ్లు హౌస్ రీఫ్ అంటారు. బుక్ చేసే ముందు హౌస్ రీఫ్ ఉందా, ఒడ్డు నుంచి ఎన్ని మీటర్లు అని సూటిగా అడగండి.

మూడోది గాలి. దీవికి ఒకవైపు గాలి తగులుతుంది, రెండోవైపు చాటుగా ఉంటుంది. గాలి తగిలేవైపు అలలు, నురగ, లేచిన ఇసుక. చాటువైపు నీళ్లు అద్దంలా ఉంటాయి. కరీబియన్‌లో బొనైర్ దీవిని చూడండి, అక్కడ ఏడాదిలో ఎక్కువ రోజులు గాలి తూర్పు నుంచే వీస్తుంది, అందుకే ఒడ్డు నుంచి దిగే చోట్లు దాదాపు అన్నీ పడమటి తీరంలోనే ఉన్నాయి, రోడ్డు పక్కన పసుపు రంగు పూసిన రాళ్ల మీద ఆ చోటు పేరు రాసి ఉంటుంది. రుతుపవనాలుండే చోట్ల మాత్రం ఈ చాటువైపు ఏడాదిలో మారిపోతుంది. థాయ్‌లాండ్‌లో పడమటి తీరానున్న సిమిలాన్ దీవుల పార్కుని మే మధ్య నుంచి అక్టోబరు మధ్య వరకు మూసేస్తారు, సముద్రం అంత అల్లకల్లోలంగా ఉంటుంది. అదే నెలల్లో తూర్పున ఉన్న కో టావ్ దీవి దగ్గర నీళ్లు చాలావరకు ప్రశాంతంగా ఉంటాయి. అందుకని దీవి పేరు కంటే ముందు మీ సెలవుల నెల ఖాయం చేసుకోండి, ఆ నెలలో గాలి ఎటు నుంచో చూడండి, దీవి దానికి తగ్గట్టు ఎంచుకోండి.

పోటుపాటు:

గాలిచాటు గారు చెప్పినవన్నీ చోటుకి సంబంధించినవి. గంట ఏదో కూడా చూసుకోవాలి. ఒకే చోట పొద్దున తొమ్మిదికి దిగినవాళ్లు అద్భుతం అంటారు, మధ్యాహ్నం మూడుకి దిగినవాళ్లు ఏముంది అక్కడ అంటారు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు.

ఒడ్డుకి దగ్గరగా లోతు తక్కువున్న రీఫ్ మీద పోటు సగానికి పైగా ఎక్కినప్పుడు దిగి, నిండు పోటు అయ్యాక ఓ అరగంటకి బయటికొచ్చేలా చూసుకోండి. పోటు ఎక్కేటప్పుడు బయటి సముద్రం నుంచి తేట నీళ్లు లోపలికి వస్తాయి. తీసేటప్పుడు లగూన్‌లోని మురికి, ఇసుక అంతా బయటికి కొట్టుకొస్తుంది. బాగా తీసేశాక అయితే పగడాల మీద మోకాలి లోతు నీళ్లు కూడా ఉండవు, పొట్ట గీరుకుపోతుంది, పగడాలు విరుగుతాయి.

చాలా తీరాల్లో నిండు పోటుకీ నీళ్లు పూర్తిగా తీసెయ్యడానికీ మధ్య ఆరు గంటల పైచిలుకు. అందులో మధ్య రెండు గంటల్లోనే దాదాపు సగం నీళ్లు కదులుతాయి, కరెంట్, అంటే నీళ్ల లాగుడు, బలంగా ఉండేది అప్పుడే. పోటు వేళ రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, కాబట్టి మొదటి రోజు బాగున్న గంట నాలుగో రోజుకి పనికిరాకపోవచ్చు. అమావాస్య, పౌర్ణమి దగ్గర ఆటుపోట్ల తేడా ఎక్కువ, కరెంట్లూ ఎక్కువ. అష్టమి దగ్గర్లో తక్కువ. మీలో ఇద్దరికి ఈత ఓ మోస్తరే అన్నారు కాబట్టి, తేదీలు మీ చేతిలో ఉంటే అష్టమి చుట్టూ పెట్టుకోండి.

నాకు పొద్దున ఎనిమిది నుంచి పదిన్నర ఇష్టం. గాలి ఇంకా లేవదు, పడవలు రావు. ఎండ నెత్తిమీదుంటే రంగులు బాగుంటాయని కొందరు పన్నెండుకి దిగుతారు, అదీ నిజమే కానీ అప్పటికి గాలికి నీళ్లు చిట్లుతూ ఉంటాయి. నేనైతే వెలుగు కొంచెం తగ్గినా నిశ్చలంగా ఉన్న నీళ్లే కోరుకుంటాను.

తొలిమునక:

ఇంత వివరంగా చెప్పినందుకు ఇద్దరికీ చాలా థ్యాంక్స్. మ్యాప్ ముందు కూర్చున్నాను, తెల్ల గీత కనిపించింది. ఒక చోట ఆ గీత తెగిపోయి మధ్యలో ముదురు నీలం పాయ ఒడ్డువైపు వచ్చింది. అక్కడ అల విరగట్లేదు, నీళ్లు నున్నగా ఉన్నాయి. పాపతో దిగడానికి అదే బాగుంటుందేమో అనిపించింది, నిజమేనా?

ఒడ్డుచూపు:

అమ్మా, అక్కడ మాత్రం దిగొద్దు. మీరు మళ్లీ అడగడం చాలా మంచిదైంది.

అది పాయ, చానల్ అంటారు. అలలు రీఫ్ మీదుగా నీళ్లని లగూన్‌లోకి తోస్తూనే ఉంటాయి, ఆ నీళ్లన్నీ తిరిగి సముద్రంలోకి పోవడానికి దారి అదే. పైకి నున్నగా కనిపిస్తుంది, కింద నది. పాటు సమయంలో, అంటే నీళ్లు తీసేటప్పుడు, అలలు పెద్దగా ఉన్న రోజుల్లో మరీ ఎక్కువ.

నేను ఒకసారి ఇలాగే నున్నగా ఉందని దిగాను. తిరిగొద్దామని ఒడ్డువైపు కాళ్లు కొడుతున్నాను, కాళ్లకి ఫిన్స్ (ఈత రెక్కలు) ఉన్నాయి, ఈత బాగా వచ్చు. కింద పసుపు మచ్చలున్న ఒక గుండ్రటి పగడం కనిపించింది. ఐదు నిమిషాల తర్వాత చూస్తే అదే పగడం. ఇంకో ఐదు నిమిషాలకి అది నాకంటే ముందుకి, ఒడ్డువైపుకి జరిగి ఉంది, అంటే నేను వెనక్కి పోతున్నాను. పిక్కలు పట్టేశాయి, గొట్టంలోంచి గాలి చాలట్లేదనిపించింది, గుండె దడ. అప్పుడు ఒడ్డు సంగతి వదిలేసి పక్కకి, ఒడ్డుకి సమాంతరంగా ఈదాను. ఓ నలభై మీటర్లు పోయేసరికి లాగుడు ఆగిపోయింది. నిదానంగా వేరే చోట ఒడ్డెక్కాను, చెప్పులున్న చోటికి నడవడానికి పావుగంట పట్టింది. ఆ రోజు నేను ఒక్కడినే దిగాను, ఆ తర్వాత ఇంకెప్పుడూ ఒక్కడిని దిగలేదు.

అప్పటి నుంచి నేను తప్పకుండా చేసేవి చెప్తాను. దిగే ముందు ఒడ్డున పది నిమిషాలు నిలబడి చూస్తాను, నురగ, ఆకులు ఎటు పోతున్నాయో, అల ఎక్కడ విరుగుతోందో. బయటికి రావడానికి ఒక చోటు కాదు, రెండు చోట్లు అనుకుంటాను. నీళ్లలోకి వెళ్లగానే ఒక నిమిషం కాళ్లూ చేతులూ ఆడించకుండా తేలి, కింద ఒక రాయిని గుర్తుపెట్టుకుని ఎంత జరిగానో చూస్తాను. ముందు కరెంట్‌కి ఎదురుగా వెళ్తాను, అలిసిపోయాక అదే నన్ను వెనక్కి తీసుకొస్తుంది. ఎదురెళ్లడం మొదట్లోనే కష్టంగా ఉంటే ఆ రోజు అక్కడ దిగను. పడవలు తిరిగే చోటయితే నీళ్ల మీద తేలే రంగురంగుల బుడగ (బోయ్) ఒకటి తాడుతో లాక్కెళ్లండి, నీళ్లలో మన తల పడవ నడిపేవాళ్లకి కనిపించదు.

మీ ఇంకో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. ఫుల్ ఫేస్ మాస్క్ వద్దనే నా సలహా, పాపకి అసలే వద్దు. లోపల ఖాళీ ఎక్కువ, మాస్క్ సరిగ్గా అమరకపోయినా, లోపలి కవాటాలు సరిగ్గా పనిచేయకపోయినా వదిలిన గాలినే మళ్లీ పీలుస్తాం. నీళ్లు చేరితే గొట్టం ఉమ్మేసినంత తేలిగ్గా దాన్ని తీయలేం, ముక్కు పట్టుకుని చెవుల్లో ఒత్తిడి సరిచేసుకోడానికీ వీలుండదు. మామూలు మాస్క్, గొట్టం వేరువేరుగా ఉన్నవే తీసుకోండి.

అద్దాలమాస్క్:

నాకు మైనస్ నాలుగు, కాబట్టి కళ్లద్దాల సంగతి నేను చెప్తాను. కళ్లజోడు మీద మాస్క్ పెట్టలేరు, పక్కల నుంచి నీళ్లు వచ్చేస్తాయి. పవర్ అద్దాలు బిగించిన మాస్క్‌లు దొరుకుతాయి, ఎక్కువగా అర పాయింట్ తేడాలతో వస్తాయి. నీళ్లలో వస్తువులు అసలు కంటే మూడోవంతు పెద్దగా, కొంచెం దగ్గరగా కనిపిస్తాయి, అందుకని మీకు మూడున్నర దొరక్కపోయినా మూడుతో పని జరుగుతుంది. అద్దె మాస్క్‌ల మీద ఆధారపడకండి. పవర్ లేకుండా దిగితే మీకు పగడం, రాయి ఒకేలా కనిపిస్తాయి, తర్వాత మిగతావాళ్లు చెప్పుకుంటుంటే వినడమే మిగులుతుంది.

కొనేటప్పుడు పట్టీ తగిలించకుండా మాస్క్ మొహానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చండి. చెయ్యి తీసినా పడిపోకుండా అతుక్కుంటే అది మీ మొహానికి సరిపోయినట్టు. మీసం ఉన్నవాళ్లకి అక్కడి నుంచి కొంచెం నీళ్లు వస్తాయి. పాపకి పిల్లల సైజుదే కొనండి, మొదటిసారి నడుము లోతు నీళ్లలో నిలబడి మొహం మాత్రం ముంచి ఊపిరి తీసుకోవడం ఒక గంట ఆడుకున్నట్టు చేయించండి. పిల్లలు నీళ్లు వెచ్చగా ఉన్నా త్వరగా చల్లబడతారు, పెదాలు వణికేదాకా చెప్పరు, ముప్ఫై నిమిషాలకోసారి బయటికి తీసుకురండి. చేతులు నిండా ఉండే స్విమ్ డ్రెస్ వేస్తే చలికీ ఎండకీ రెండింటికీ పనికొస్తుంది. మీ జాబితాలో ఆస్ట్రేలియా ఉత్తర క్వీన్స్‌లాండ్ వైపు దీవులుంటే, అక్కడ నవంబరు నుంచి మే దాకా ప్రమాదకరమైన జెల్లీ ఫిష్‌ల కాలం, ఒళ్లంతా కప్పే సూట్ లేకుండా దిగకండి.

గడ్డిమేతతాబేలు:

తాబేలు తాబేలు అంటున్నారు కదా, నా పేరు చూసే ఉంటారు, ఒక్క మాట చెప్పాల్సిందే. ఆకుపచ్చ తాబేళ్ల తిండి సముద్రపు గడ్డి, నాచు. అందరూ రీఫ్ మీద వెతుకుతారు, అవేమో పక్కనే రెండు మూడు మీటర్ల లోతున్న గడ్డి మైదానంలో నింపాదిగా మేస్తుంటాయి. మ్యాప్‌లో ముదురు మచ్చ గడ్డిదని తేలితే నిరాశపడకండి, పొద్దున్నే అక్కడికే వెళ్లండి. కనిపించాక వెంటపడొద్దు. దూరంగా కదలకుండా తేలుతూ ఉంటే దాని మానాన అది మేస్తుంది, ఊపిరికి పైకొచ్చినప్పుడు ఒక్కోసారి మన పక్కనే లేస్తుంది. ఆ క్షణంలో దాని కన్ను చూస్తే మీ పాప మళ్లీ దిగనని అనదు.

రీఫ్ మీదైనా అంతే, ఈదడం తగ్గించండి. ఒక పెద్ద పగడపు గుట్ట ఎంచుకుని పది నిమిషాలు దాని మీదే ఉండండి. మొదటి రెండు నిమిషాల్లో దాక్కున్నవన్నీ ఒక్కొక్కటే బయటికొస్తాయి. చెవులు పెట్టి వింటే కటుక్కు కటుక్కుమని చప్పుడు వస్తుంది, అది చిలుక చేపలు రాతిని కొరుకుతున్న శబ్దం. అవి కొరికి, నమిలి వదిలిన పొడే చాలా దీవుల్లో మనం నడిచే తెల్ల ఇసుక. లోతుకి వెళ్లలేమని బాధపడక్కర్లేదు, నీళ్లలో ఎరుపు రంగు మొదటి ఐదారు మీటర్లలోనే చాలావరకు పోతుంది, అసలు రంగులన్నీ పైనే.

ఇంకోటి. పగడం గోధుమ రంగులో ఉంటే చచ్చిపోయిందని చాలామంది అనుకుంటారు. ఆరోగ్యంగా ఉన్న పగడాలు ఎక్కువగా గోధుమ, లేత ఆకుపచ్చ రంగుల్లోనే ఉంటాయి, అది వాటి లోపల బతికే సూక్ష్మమైన నాచు రంగు. నీళ్లు మరీ వేడెక్కినప్పుడు ఆ నాచు వెళ్లిపోతే పగడం తెల్లగా మెరిసిపోతుంది, ఫొటోలో అందంగా ఉంటుంది కానీ అది ఆకలితో ఉన్న పగడం. చనిపోయాక దాని మీద బొచ్చులా పాచి పడుతుంది. 2024 ఏప్రిల్‌లో ప్రపంచమంతటా నాలుగోసారి ఇలా పగడాలు తెల్లబడుతున్నాయని శాస్త్రవేత్తలు ప్రకటించారు, అందుకే ఐదారేళ్ల నాటి పొగడ్తలు చూసి చోటు నిర్ణయించకండి, ఈ ఏడాది దిగినవాళ్లు తీసిన ఫొటోలు చూడండి.

దయచేసి పగడాల మీద నిలబడొద్దు. గుండ్రటి పగడం ఏడాదికి ఒక సెంటీమీటరు అటూ ఇటూగా పెరుగుతుంది, ఒక్క ఫిన్ దెబ్బకి పోయేది తిరిగి రావడానికి పిల్లలు పెద్దవాళ్లయ్యేంత కాలం పడుతుంది. సన్‌స్క్రీన్ విషయం కూడా చూసుకోండి. ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే రసాయనాలు ఉన్నవి పగడాలకి హాని అని, వాటిని అమ్మడం హవాయిలో 2021 జనవరి నుంచి నిషేధం, పలావు దేశంలో 2020 నుంచే ఇలాంటి నిషేధం ఉంది. జింక్ ఆక్సైడ్‌ది కొనుక్కోండి, ఒంటిమీద బట్ట ఎంత ఎక్కువుంటే అది కూడా అంత తక్కువ పడుతుంది.

తొలిమునక:

ఒడ్డుచూపు గారూ, మీ పగడం సంగతి చదివి మావారికి, తమ్ముడికి కూడా చదివి వినిపించాను. ఆ దీవే ఖాయం చేసుకుని, ఆ పాయ మీద ఎర్ర గుర్తు పెట్టేశాం. ఇంకో చివర రాళ్లున్న చిన్న వంపు కనిపించింది, గాలి చాటువైపే, పక్కన ముదురు మచ్చ కూడా ఉంది, అది గడ్డేనని ఆశ. పోటు పట్టిక చూస్తే మేం ఉండే వారంలో మూడు రోజులు పొద్దున తొమ్మిది, పదకొండు మధ్య నిండు పోటు. పవర్ మాస్క్‌కి ఆర్డర్ పెట్టాను. ఇక ఒక్క ప్రశ్న మిగిలింది, పడవ ట్రిప్పులు పూర్తిగా మానేయాలా?

గాలిచాటు:

మానేయక్కర్లేదండీ. బయటి రీఫ్‌లకి పడవే దారి. మాల్దీవుల్లో బా అటోల్ అనే దీవుల వలయంలోని హనిఫారు బేలో జూన్ నుంచి నవంబరు మధ్య మాంటా రేలనే పెద్ద బల్లపరుపు చేపలు గుంపులుగా ప్లాంక్టన్ (నీళ్లలో తేలే సూక్ష్మజీవులు) తినడానికి వస్తాయి, అక్కడ గాలి సిలిండర్‌తో మునిగే స్కూబా నిషేధం, స్నార్కెల్‌తోనే చూడాలి. అలాంటివి ఒడ్డు నుంచి దొరకవు. కానీ పడవ మొదటి రోజు పెట్టుకోకండి. రెండు రోజులు మీ వంపులో మాస్క్‌లు అలవాటు చేసుకున్నాక మూడో రోజు వెళ్లండి, పాపకి అప్పటికి ధైర్యం వస్తుంది.

పడవవాళ్లని చోటు పేరు అడగొద్దు. నిన్న ఎక్కడికి వెళ్లారు, నీళ్లు ఎంత తేటగా ఉన్నాయి, ఇవాళ గాలి మారితే ఇంకెక్కడికి తీసుకెళ్తారు, ఎంతమందిని ఎక్కిస్తారు, నీళ్లలో మాతో ఎవరైనా దిగుతారా, ఇవి అడగండి. గాలిని బట్టి చోటు మారుస్తామని చెప్పేవాళ్లతో వెళ్లండి. రోజూ అదే చోటుకి అదే గంటకి తీసుకెళ్తామనేవాళ్లయితే మీరు రెండేళ్ల కిందట చూసిందే మళ్లీ చూస్తారు. వీలైతే అందరికంటే ముందు బయల్దేరే పడవ ఎక్కండి. వచ్చాక ఆ గడ్డిలో తాబేలు ఉందో లేదో ఇక్కడ తప్పకుండా రాయండి.